చందనపు పొగ

పెట్రోలు ట్యాపు కట్టేసి ఉంది.

లోయలోకి వాలిన చెట్టు మొదట్లో ఇరుక్కుని పడివుంది ఉత్తయ్య ఎజ్డి మోటారుసైకిలు. కమలాక్షి నడుముకు కట్టుకున్న తాడును ఒక చేత్తో బిగబట్టి, రెండో చెయ్యి ట్యాంకు కిందికి పోనిచ్చి ట్యాపు మీటను మళ్లీ తడిమింది. కళ్లు పొరబడ్డా వేళ్లు పొరబడవు. మీట అడ్డంగా ఉంది. ఎవరో కట్టేశారు.

ఆరేళ్లలో ఉత్తయ్య తన బండి ట్యాపు కట్టగా ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. మైసూరు పాత బండ్ల బలగంలో అదొక తరగని నవ్వులాట. రాత్రంతా తెరిచే వదిలేస్తాడు. తెల్లారేసరికి ఇంజను పెట్రోలు తాగి మత్తుగా ఉంటుంది. వెనకనుంచి ఎవరో ఒకరు తోస్తేగాని కదలదు. "నా బండి తోసిన పుణ్యం మీకు దక్కద్దా?" అనేవాడు పైగా.

ఇవాళ పొద్దున ఆ మనిషి ఈ మలుపు కింద తల పగిలి దొరికాడు.

"మేడమ్, చూసింది చాలు. పైకి రండి."

పైనుంచి కేక వేశాడు హనుమేగౌడ. మైసూరులో సబ్ ఇన్‌స్పెక్టరు. సెలవు పెట్టుకుని బలగంతో పాటు వచ్చాడు. కమలాక్షి ట్యాంకు మూత తిప్పి, రుమాలు కొస లోపల ముంచి ముక్కు దగ్గర పెట్టుకుంది. ముందు పెట్రోలు ఘాటు కొట్టింది. దాని వెనకాలే, మెల్లగా, గంధం వాసన.

మైసూరులో పుట్టినవాళ్లకు ఆ వాసన ఏమిటో ఇంకొకరు చెప్పక్కర్లేదు. అది సబ్బు వాసన కాదు, అగరొత్తి వాసన కాదు. అసలైన చందనం నూనె.

రుమాలు మడిచి జేబులో పెట్టుకుని తాడు పట్టుకుని పైకెక్కింది. మోకాళ్లదాకా ఎర్రమట్టి. రెండు జలగలు మడమ దగ్గర అంటుకున్నాయి. వాటిని ఉప్పు మూటతో అద్ది రాల్చేస్తూ, "ఇది ప్రమాదం కాదు గౌడ్రే" అంది.

"నేను రాసేశాను, ప్రమాదమేనని." అతను పసుపు రెయిన్‌కోటు టోపీ వెనక్కి నెట్టుకున్నాడు. "తెల్లవారుజామున బండి తీశాడు. రోడ్డంతా పాచి. మలుపు తిరగలేదు. పోయాడు. ఇందులో పరిశోధించడానికి ఏముంది?"

"ఎజ్డి స్టార్టయితే ఊరంతా లేస్తుంది. మనం బండ్లున్న షెడ్డు పక్కనే పడుకున్నాం. మీకు వినబడిందా?"

"రేకుల మీద వాన. పక్కవాడి గురకే వినబడలేదు."

"ట్యాపు కట్టేసి ఉంది."

"కట్టేసినా కొంతదూరం పోతుంది. గొట్టంలో పెట్రోలు ఉంటుందిగా. నాకు బండ్ల గురించి పాఠాలొద్దు మేడమ్."

"సరే, బండి వదిలేయండి. హెల్మెట్ చూశారా?" ఆమె రోడ్డు పక్కన రాతిమీద పెట్టిన హెల్మెట్ తీసి అతని చేతికిచ్చింది. "శవానికి ఇది పెట్టే ఉంది, పట్టీ కూడా బిగించి ఉంది. ఉత్తయ్య తల వెనక ఎముక లోపలికి పోయింది. హెల్మెట్ మీద గీత లేదు. తల పగలాలంటే ముందు ఇది పగలాలి కదా?"

గౌడ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత దాన్ని తన చంకలో పెట్టుకున్నాడు.

"ఇది నా దగ్గర ఉంటుంది. శవపరీక్షలో అన్నీ తేలతాయి. అంతవరకూ మీరెవరినీ ప్రశ్నలడగొద్దు. పెళ్లికొడుకు చాటుగా సిగరెట్లు తాగుతాడా అని ఆరా తీసే పని కాదిది. ఇక్కడ పోలీసువాణ్ని నేనొక్కణ్నే."

"మీ స్టేషను మైసూరులో ఉంది గౌడ్రే. ఇక్కడ మీరూ నాలాగే విహారానికొచ్చిన మనిషి."

"అందరి తాళాలూ నా జేబులో ఉన్నాయి. దారి తెరుచుకునేదాకా ఎవరూ కదలడానికి లేదు."

"ఎజ్డి తాళం మేకుముక్కతో సమానం. ఒకదానిది ఇంకోదానికి పడుతుంది. అయినా కదిలి ఎక్కడికి పోతారు?"

నిన్న మధ్యాహ్నం వీళ్లు ఐదుగురూ విరాజపేట దాటి ఘాటు రోడ్డు దిగుతుండగా వెనక కొండ జారి రోడ్డును మింగేసింది. ముందుకు పోదామని చూస్తే కిందివైపు ఇంకో కొండచరియ పడి ఉంది. రెండు మట్టిగుట్టల మధ్య మైలు కూడా లేని రోడ్డు ముక్క మిగిలింది. ఆ ముక్కలో ఒకే ఒక్క ఇల్లు, కాఫీతోట యజమానురాలు బొళ్లమ్మది. కరెంటు లేదు, ఫోను పలకదు. ఒకవైపు నిలువుకొండ, రెండోవైపు లోయ. కన్నూరు సముద్రం చూడాలని ఏటా ఆగస్టులో వానలో తడుస్తూ పోయే బలగం, ఈ ఏడు ఇలా పంజరంలో పడింది.

ఐదుగురిలో ఒకడు పోయాడు. మిగిలిన నలుగురిలో తాను కాక ముగ్గురు: హనుమేగౌడ, జబీ, జయదేవ మేష్ట్రు. ఆ ముగ్గురితోనే కలిసి ఆమె ఆరేళ్లుగా ఒకే పళ్లెంలో తింది.

ఇంటి వసారాలో ఉత్తయ్యను టార్పాలిన్ కింద పడుకోబెట్టారు. పక్కనే గోడకానుకుని కూర్చున్నాడు జబీ. బలగంలో చిన్నవాడు, దేవరాజ మార్కెట్టు దగ్గర బట్టలకొట్టు. అతని ముందు గ్లాసులో బెల్లం కాఫీ చల్లారి మీగడ కట్టింది.

కమలాక్షి అతని పక్కన చతికిలబడింది. "జబీ, నువ్వూ వాడూ ఒకే గదిలో పడుకున్నారు. ఎప్పుడు లేచాడు?"

"తెల్లారుతోందక్కా. ఇంకా మసకగానే ఉంది. 'బండి స్టార్టవుతుందేమో చూసొస్తా' అన్నాడు. తోయడానికి నేనూ వస్తానని లేవబోయాను." జబీ ముంజేత్తో ముక్కు తుడుచుకున్నాడు. "'పడుకోరా, ఇవాళ తోసే మనిషి వేరే దొరికాడు' అన్నాడు."

"ఎవరట?"

"అడగలేదక్కా. దుప్పటి ముసుగేసుకున్నా. ఒక్క మాట అడిగుంటే..."

"అడిగుంటే నువ్వూ ఇక్కడే పడుకుని ఉండేవాడివేమో. ఏడవకు. ఇంకోటి చెప్పు. నిన్న దారిలో వాడి వెనక నువ్వే ఉన్నావు. నీ వెనక నేను. పొగ వాసన గుర్తుందా?"

జబీ తల ఎత్తాడు. "నువ్వూ పసిగట్టావా? నేను చెబితే నమ్మరని ఊరుకున్నా. దేవుడి గదిలో కూర్చున్నట్టు ఉందక్కా. ఇక్కడికి వచ్చాక అడిగాను కూడా, ఏరా, బండికి పూజ చేయించావా అని. పగలబడి నవ్వాడు. 'రేపు కాఫీ దగ్గర చెబుతా, గౌడ కూడా ఉండాలి, పోలీసు ముందు చెబితేనే మజా' అన్నాడు."

"గౌడ పేరే ఎత్తాడా?"

"ఎత్తాడు. ఎందుకో నాకేం తెలుసు?"

ఎజ్డి బండ్లకు పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి. ఎవరి ఆయిలు డబ్బా వాళ్లు తెచ్చుకుంటారు, ఒక్క ఉత్తయ్య తప్ప. ఉత్త చేతులతో వచ్చి ఎవరి సంచి దగ్గరగా ఉంటే అందులోంచి ఒంపుకోవడం అతని అలవాటు. ఎక్కువగా అది కమలాక్షి సంచే. గుంపులో ఆఖరి బండి ఆమెది. పనిముట్లు, మందులు, ఆయిలు అన్నీ ఆమె దగ్గరే ఉంటాయి.

"నిన్న నా డబ్బా మూత తీయలేదు జబీ. గోణికొప్పలో నాకు పంక్చరయింది. నువ్వు నాతో ఆగిపోయావు. మనం విరాజపేట బంకు చేరేసరికి వాళ్లేం చేస్తున్నారు?"

"టీ కొట్లో ఉన్నారు ముగ్గురూ. మేష్ట్రు, గౌడ, ఉత్తయ్య. ట్యాంకు అప్పటికే నింపేసుకున్నాడు వీడు."

"అంటే ఆ ఇద్దరిలో ఒకరి సంచిలోంచి తీసుకున్నాడు."

జబీ టార్పాలిన్ వైపు చూశాడు. అర్థమయ్యేకొద్దీ అతని ముఖం పాలిపోయింది. "అక్కా, నూనె కోసం చంపుతారా ఎవరైనా?"

"అది వంటనూనె కాదు నాయనా. ప్రభుత్వం పూచికపుల్లతో సహా లెక్కపెట్టి కాపలా కాసే చందనం నూనె. ఈ ఘాటు చివర చెక్‌పోస్టు ఉంది. అక్కడ లారీలు విప్పి చూస్తారు, కార్లు విప్పి చూస్తారు. వానలో తడుస్తూ చేతులూపుకుంటూ పోయే ముసలి బండ్ల గుంపును, అందులోనూ ముందు ఒక పోలీసుంటే, ఎవరాపుతారు?"

వంటింట్లోంచి బొళ్లమ్మ పళ్లెంతో వచ్చింది. కడంబుట్టు అనే బియ్యపురవ్వ ఉండలు, వెదురుకొమ్ముల కూర. "తినండమ్మా. చావు ఇంట్లో ఉందని కడుపు ఊరుకుంటుందా?" అని పళ్లెం కింద పెట్టి, వెళ్లకుండా అక్కడే నిలబడింది. డెబ్బయి ఏళ్ల మనిషి. తలగుడ్డ వెనక్కి ముడి వేసుకుంది.

"ఏదో చెప్పాలనుకుంటున్నారు" అంది కమలాక్షి.

"పోలీసాయనకు చెప్పాను. చెప్పకపోయినట్టే ఉండమన్నాడు." ఆమె గొంతు తగ్గించింది. "పొద్దున పొయ్యి వెలిగిస్తుంటే కిటికీలోంచి కనబడ్డారు. ఇద్దరు. బండి తోసుకుంటూ దిగువకు పోతున్నారు. ఇంజను చప్పుడు లేదు. నవ్వుకుంటూ పోయారమ్మా. తిరిగి వచ్చింది ఒక్కరే."

"ఎవరు?"

"పసుపుకోట్లు. మీ అందరివీ ఒకటేగా."

నిజమే. నిరుడు బలగమంతా ఒకే రంగు కోట్లు కుట్టించుకుంది. వానలో ఎవరు తప్పిపోయినా కనబడాలని.

హనుమేగౌడ పెరట్లో ఉన్నాడు. అరుగు మీద ఒక్కడే కూర్చుని, ముట్టించని బీడీ వేళ్ల మధ్య తిప్పుతున్నాడు. ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది.

"బొళ్లమ్మగారు చెప్పింది ఎందుకు దాచారు?"

"ముసలికళ్లు. మసక వెలుతురు."

"ఇద్దరు పోయి ఒకరొచ్చారని చెప్పడానికి ఆ కళ్లు చాలు. గౌడ్రే, నిన్న బంకులో ఉన్నది ముగ్గురు. ఒకడు చచ్చిపోయాడు. ఉత్తయ్య ఎవరి డబ్బాలోంచి ఆయిలు పోసుకున్నాడు?"

"నాకేం తెలుసు? నేను టీకొట్లోకి పోయాను. మేష్ట్రూ నాతోనే వచ్చారు. వాడు బండి దగ్గర ఉండిపోయాడు."

"రెండు బండ్లు పక్కపక్కనే ఉన్నాయి. మీది, మేష్ట్రుది. రెండు సంచులు. వాడు ఒకదాంట్లో చెయ్యి పెట్టాడు. అందులో ఉన్నది ఆయిలు కాదు, చందనం నూనె. దారంతా వాడి బండి గుళ్లో ధూపంలా పొగ వదిలింది. ఆ సంగతి ఇవాళ కాఫీ దగ్గర మీ ముందు చెబుతానన్నాడు. చెప్పకుండానే పోయాడు. మీరు ప్రమాదమని రాశారు, సాక్షి నోరు మూశారు, హెల్మెట్ చంకలో దాచుకున్నారు. నా స్థానంలో మీరుంటే ఎవరిని పట్టుకునేవారు?"

హనుమేగౌడ బీడీ కింద పడేశాడు. అతనికి కోపం వస్తుందనుకుంది. రాలేదు. అలసిపోయిన మనిషిలా నవ్వాడు.

"ఆరేళ్లుగా నా వెనక వస్తున్నారు డిటెక్టివమ్మా. నా బండి పొగ వదలడం ఎప్పుడైనా చూశారా?"

ఆమె షెడ్డు వైపు తల తిప్పింది.

"నాది బుల్లెట్. ఎజ్డిల గుంపులో బుల్లెట్టేమిటని మొదటి ఏడాదంతా నన్ను ఏడిపించారు మీరే. దానికి పెట్రోలులో ఆయిలు కలపక్కర్లేదు. నా సంచిలో ఆయిలు డబ్బా ఎప్పుడూ లేదు. ఉత్తయ్యకూ తెలుసు ఆ సంగతి. నా సంచిలో వాడు చెయ్యెందుకు పెడతాడు?"

వాన సన్నగా మళ్లీ మొదలైంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ మాట ఎక్కడికి పోయి ఆగుతుందో ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

"కాదు" అన్నాడు గౌడ. "మేష్ట్రు కాదు."

"నాకూ కాకూడదనే ఉంది."

"మా అబ్బాయికి కామెర్లు వస్తే ఆస్పత్రిలో మూడు రాత్రులు కూర్చున్న మనిషి. మీకు నలభయ్యో ఏట బండి నేర్పించిన మనిషి. నలభై ఏళ్లు ఇస్కూలు పిల్లల్ని పరుగెత్తించిన డ్రిల్లు మాస్టరు."

"మరి ఎందుకు దాచారు బొళ్లమ్మగారి మాట? మీ మనసులోనూ ఏదో ఉంది కదా."

అతను కింద పడ్డ బీడీని కాలితో నలిపాడు. "ఆమె చెప్పింది నిజమైతే మనలోనే ఒకడు. దారి లేదు, ఫోను లేదు. ఆ ఒక్కడికి మనం కనిపెట్టామని తెలిస్తే ఇంకొకరు పోతారు. ప్రమాదమని రాసేస్తే వాడు కుదురుగా ఉంటాడు, అందరం ప్రాణాలతో బయటపడతాం, తర్వాత చూసుకోవచ్చనుకున్నాను. మీరేమో తాడు కట్టుకుని లోయలోకి దిగారు."

"ఆ మాట నాతో అనొచ్చుగా."

"అనేవాణ్నే. హంతకురాలు మీరు కాదని నాకెలా తెలుసు? ఆఖరి బండి మీది. ఆయిలు మీ దగ్గర."

మొదటిసారి కమలాక్షికి అతని మీద గౌరవం కలిగింది. అతను లేచి రెయిన్‌కోటు బొత్తాలు పెట్టుకున్నాడు. "దిగువ చరియ దగ్గరికి పోతున్నా. ఇవాళ కాకపోతే రేపైనా ఎవరో ఒకరు దాటి వస్తారు. రాగానే వాళ్లకు అప్పజెప్పేస్తాను. అంతవరకూ ఆయన దగ్గరికి ఒంటరిగా పోకండి."

ఆమె తలూపింది. అతను మలుపు తిరిగేదాకా ఆగి, షెడ్డు వైపు నడిచింది.

మునుపు కాఫీగింజలు ఆరబోసే షెడ్డు అది. మూడు పక్కలా రాతిగోడ, ముందువైపు ఒకే తలుపు. లోపల నాలుగు బండ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. జయదేవ మేష్ట్రు పాత పంచె ముక్కతో వాటిని తుడుస్తున్నాడు. అరవై రెండేళ్లు. నడుం ఇంకా వంగలేదు.

"రా కమలా. నీ బండి చైను ఊగుతోంది. బిగించనా?"

జవాబు కోసం చూడకుండా ఆమె బండిని ముందుకు జరిపి మళ్లీ స్టాండు వేశాడు. వేస్తూ వేస్తూనే, చూపు అటు తిప్పకుండానే, ఎడమచెయ్యి ట్యాంకు కిందికి పోయి ట్యాపును తడిమి, కట్టే ఉందని చూసుకుని వెనక్కి వచ్చింది.

కమలాక్షి ఆ చేతినే చూసింది. బండి దిగితే చెయ్యి ట్యాపు మీదికి పోవాలి. ఆ పాఠం తనకు నేర్పింది ఈ చెయ్యే.

"ఉత్తయ్యకు ఆ అలవాటు ఎంతకీ అబ్బలేదు, మేష్ట్రే" అంది. "ఈ పొద్దున బండికి స్టాండు వేసింది వాడు కాదు."

ఆయన తుడవడం ఆపలేదు. చైను దగ్గర మట్టిని గోటితో గీకి తీశాడు. తర్వాత గుడ్డ నాలుగు మడతలు వేసి సీటు మీద పెట్టాడు.

"అడుగు" అన్నాడు.

"డబ్బాలెక్కడ?"

"ఒకటి నా సంచిలో. ఒకటి ఆ గోనెపట్టాల కింద."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఇది నాలుగో ఏడు. మొదటిసారి దానిలో ఏముందో అడగకుండా పట్టుకెళ్లాను. తెలిసినవాడే ఇచ్చాడు, కన్నూరులో ఫలానావాడికి ఇవ్వమన్నాడు. రెండోసారి చెయ్యనన్నాను." ఆయన అరచేతులు పంచెకు తుడుచుకున్నాడు. "వాళ్లు మన బలగం ఫోటో తీసి ముందు పెట్టారు కమలా. మొదటి ఏడాది సముద్రం దగ్గర దిగామే, అది. ఒక్కొక్కరి ముఖం మీద వేలు పెట్టి ఇల్లు ఎక్కడో, పిల్లలు ఏ బడికి పోతారో చెప్పారు. జబీ కొట్టు ఎన్ని గంటలకు మూస్తాడో కూడా చెప్పారు. మీ అందరితో కలిసి రావడం మానేస్తే అప్పుడేం చేస్తారో కూడా చెప్పారు."

"అందుకని ఉత్తయ్యను చంపారు."

"వాడు పొద్దున నవ్వుతూ వచ్చాడు. 'మేష్ట్రే, మీ డబ్బాలో స్వర్గం ఉంది, కాస్త బండి తోయండి, దారిలో మాట్లాడుకుందాం' అన్నాడు. మలుపు దాకా తోశాను. స్టార్టు కాలేదు. స్టాండు వేసి ఊపిరి తీసుకున్నాం. బతిమాలాను. మైసూరు వెళ్లేదాకా నోరెత్తకురా అన్నాను. వినలేదు. 'గౌడ మనవాడే కదా, చెబితే మిమ్మల్ని బయటపడేస్తాడు' అన్నాడు. నా మంచికే అన్నాడు కమలా. వాడు వెనక్కి తిరిగి ఇంటివైపు నడిచాడు. నా చేతిలో చక్రాలు విప్పే ఇనపకడ్డీ ఉంది." అక్కడ ఆయన మాట ఆగిపోయింది. కాసేపటికి, "హెల్మెట్ హ్యాండిలుకు వేలాడుతోంది. తీసి వాడికి పెట్టాను" అన్నాడు.

వసారాలో టార్పాలిన్ కింద ఉన్న మనిషిని తలచుకుంటే ఆమెకు ఒళ్లంతా మండింది. ఎదురుగా ఉన్న మనిషేమో తనకు బండి నేర్పినవాడు.

"గౌడకు తెలిసిపోయింది. మీరు నాతో వసారాలోకి రండి. అందరి ముందూ చెప్పండి. దారి తెరుచుకున్నాక మీ కేసు నేనే..."

"ఏ దారి?" అన్నాడాయన. "నీకింకా అర్థం కాలేదు. నిన్న సాయంత్రానికి డబ్బాలు కన్నూరు చేరాలి. చేరలేదు. చరియలు పడ్డాయని వాళ్లకు తెలుసు. మనం ఎక్కడ చిక్కుకున్నామో కూడా లెక్కవేసే ఉంటారు. ప్రభుత్వం మనుషుల్ని పంపడానికి రెండు రోజులు పడుతుంది. వాళ్లకు అంత ఓపిక ఉండదు. ఏ చరియనైనా తాళ్లు కట్టుకుని దాటి వస్తారు. వాళ్లు వచ్చేసరికి ఇక్కడ ఎవరికీ ఏమీ తెలియకూడదు. తెలియకపోతే డబ్బాలు తీసుకుని పోతారు, మీరు బతుకుతారు. తెలిసినవాణ్ని ఒక్కణ్ని కూడా వదలరు. అందుకే... ఒకడికి బదులు నలుగురు అనుకున్నాను."

"మీరు లెక్క వేశారు. మమ్మల్ని అడగలేదు."

ఆయన తల దించుకున్నాడు.

బయట రోడ్డు మీద కాళ్ల చప్పుడు. జబీ పరుగెత్తుకుంటూ వచ్చి తలుపు దగ్గర ఆగాడు. రొప్పుతున్నాడు, కానీ పొద్దుటినుంచి మొదటిసారి ముఖంలో వెలుగు ఉంది. "అక్కా, మనుషులొచ్చారు. దిగువ చరియ దాటి వచ్చారు. నలుగురు. నారింజరంగు కోట్లు, తాళ్లు, గునపాలు. ప్రభుత్వంవాళ్లే అయ్యుంటారు. గౌడన్న చేతులూపి దారి చూపిస్తున్నాడు."

మేష్ట్రు ముఖంలో రక్తం లేదు. "ఏ వైపునుంచి వచ్చారన్నావు?"

"కేరళవైపు నుంచే. ఎందుకు?"

కమలాక్షి జబీ మోచెయ్యి పట్టుకుని లోపలికి లాగి, తలుపు సందులోంచి చూసింది. మలుపు దగ్గర పసుపుకోటు, దాని వెనక నాలుగు నారింజకోట్లు. ఆ నలుగురూ ఎక్కడా ఆగి గాయాలెవరికైనా తగిలాయా అని అడగడం లేదు. చెయ్యెత్తి పలకరించడం లేదు. ముందున్నవాడి కళ్లు ఇంటిని వదిలి బండ్ల కోసం వెతుకుతున్నాయి.

"గౌడ్రే" అని అరవబోయింది. మేష్ట్రు అరచెయ్యి ఆమె నోటికి అడ్డం వచ్చింది. "అరిస్తే నీకు తెలుసని వాళ్లకు తెలుస్తుంది" అన్నాడు చెవిలో. "గౌడ ఇంకా వాళ్లకేమీ చెప్పకుండా ఉంటే..."

కానీ హనుమేగౌడ గొంతు అప్పటికే వినబడుతోంది. పొద్దుటినుంచి మోసిన బరువు దించుకుంటున్న మనిషి గొంతు అది. గట్టిగా, తీరుబడిగా, నిండు నమ్మకంతో.

"సరైన సమయానికి వచ్చారయ్యా. ఇక్కడ ఒక హత్య జరిగింది. ప్రమాదం కాదు. మనిషెవరో, ఎందుకు చేశాడో అంతా తేలిపోయింది. చందనం నూనె డబ్బాల వ్యవహారం. నేను కాదు లెండి, కనిపెట్టింది మా కమలాక్షి మేడమ్. మైసూరులో పెద్ద డిటెక్టివ్."

ఇన్నేళ్లలో అతను ఆమెను పొగడడం ఇదే మొదలు.

నారింజకోటు వేసుకున్నవాడు ఆగాడు. భుజం మీది తాడు కిందికి దించి, చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు.

"అలాగా సార్" అన్నాడు మర్యాదగా. "ఆ మేడమ్ ఎక్కడున్నారు?"